గండిపేట గట్టు మీద లా క్లాసు

‘గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ ఇడిచిపోడు’ అని మా దిక్కు పెద్దోళ్లు అంటుంటారు. నా సంగతి కొంచెం వేరు. గండిపేట నీళ్లు నన్ను హైదరాబాద్‌ను కాదు, నల్లకోటును వదలకుండా చేశాయి. ఆ కథ తర్వాత చెప్తాను.

నేను రాజేంద్రనగర్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. ఆదివారాలు లా మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్తాను. ఫీజు లేదు, బోర్డు లేదు. ఈసారి ఐదుగురు వచ్చారు. ఇద్దరు చేవెళ్ల వాళ్లు, ఒకమ్మాయిది మొయినాబాద్ పక్క ఊరు, మిగతా ఇద్దరు సిటీ పిల్లలు. అందరిదీ ఒకటే గోడు. ‘‘సార్, కాంట్రాక్ట్ ఒక పుస్తకం, టార్ట్ ఒక పుస్తకం, రాజ్యాంగం ఇంకో పుస్తకం. దేనికది చదివితే అర్థమైతుంది. అన్నీ కలిపి చూస్తే అంతా గందరగోళం’’ అన్నారు.

‘‘అయితే పుస్తకాలు పక్కన పెట్టండి. రేపు పొద్దున ఆరింటికి గండిపేటకు రండి’’ అన్నాను.

వచ్చారు. గాలి చల్లగా ఉంది. దూరంగా చిలుకూరు బాలాజీ గుడికి పోయే బండ్ల చప్పుడు. నీళ్లు నిండుగా కనిపిస్తుంటే ఒక సీసా చేతికిచ్చి అడిగాను... ‘‘ఈ నీళ్లు ఎవరివి?’’

ఒకడు ‘‘జలమండలివి’’ అన్నాడు. ఒకడు ‘‘ప్రభుత్వానివి’’ అన్నాడు. మొయినాబాద్ అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి ‘‘అందరివీ సార్’’ అంది. ముగ్గురూ కొంత కరెక్టే, ముగ్గురూ కొంత తప్పే. ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగితే చాలు, న్యాయశాస్త్రంలోని సగం పేపర్లు కళ్ల ముందుకు వస్తాయి.

యజమాని కాదు, ధర్మకర్త

ముందు చెరువు పుట్టుక తెలియాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరానికి ఎగువన నీటిని ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, తర్వాత ఈసీ వాగు మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరం దాహం కూడా తీర్చాయి.

కట్టింది నిజాం సర్కారు. ఇప్పుడు చూసుకునేది మన సర్కారు. అంటే సర్కారే యజమానా? కాదు. చట్టం ప్రకారం సర్కారు ధర్మకర్త. గుడి మాన్యం పూజారి చేతిలో ఉన్నా ఆయన అమ్ముకోలేడు కదా, ఇదీ అంతే. నదులు, చెరువులు, అడవులు ప్రజల కోసం ప్రభుత్వం దగ్గర ఉన్న నమ్మకపు ఆస్తి. దీన్నే ‘పబ్లిక్ ట్రస్ట్ డాక్ట్రిన్’ అంటారు. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్‌కు భూమి ఇచ్చిన కేసులో, ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్‌లో, సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఈ సూత్రాన్ని మన చట్టంలో భాగమని చెప్పింది.

ఇక రాజ్యాంగం. 21వ అధికరణ ‘జీవించే హక్కు’ అంటుంది. అందులో ‘మంచినీళ్లు’ అనే మాట ఎక్కడా లేదు. కానీ నీళ్లు లేకుండా జీవితం ఎక్కడిది? అందుకే కోర్టులు ఆ హక్కులోనే తాగునీటి హక్కునూ చదివాయి. 1976లో 42వ సవరణతో వచ్చిన 48ఏ అధికరణ పర్యావరణాన్ని కాపాడమని ప్రభుత్వానికి చెప్తుంది. అదే సవరణతో వచ్చిన 51ఏ (జి) ఆ బాధ్యత పౌరుడి మీద కూడా పెడుతుంది. మొదటిది హక్కు, రెండోది ఆదేశిక సూత్రం, మూడోది ప్రాథమిక విధి. పరీక్షలో ఈ మూడింటి తేడా అడిగితే గండిపేటను గుర్తు తెచ్చుకోండి.

ఆముదం ఫ్యాక్టరీ నేర్పిన పాఠం

‘‘సార్, 111 జీవో అంటే ఇదేనా?’’ అన్నాడు చేవెళ్ల అబ్బాయి. మా ప్రాంతంలో నడక వచ్చిన పిల్లోడికి కూడా ఈ నంబరు తెలుసు.

1996 మార్చి 8న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దని దాని సారాంశం. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి.

ఆ తర్వాతి ఏడాదే అసలు కథ. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెట్టడానికి ఒక కంపెనీ భూమి కొన్నది. పది కిలోమీటర్ల నిబంధన అడ్డొచ్చింది. 1997 జులైలో ప్రభుత్వం ఆ కంపెనీకి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. అదే నెలలో కాలుష్య నియంత్రణ మండలి మాత్రం ‘అనుమతి ఇవ్వం’ అంది. కంపెనీ అప్పీలుకు పోయి గెలిచింది. హైకోర్టు కూడా కంపెనీ వైపే చెప్పింది. మండలి సుప్రీంకోర్టుకు పోయింది. అదే ‘ఏపీ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు’ కేసు. దేశంలో ఎక్కడ పర్యావరణ చట్టం చదివినా ఈ కేసు చదవకుండా పాస్ కాలేరు. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు మన తెలుగువారే.

ఈ కేసులో మూడు పాఠాలున్నాయి.

ఒకటి, రుజువు భారం. మామూలుగా ఎవరు ఆరోపిస్తే వాళ్లే రుజువు చేయాలి. పాత సాక్ష్యాధారాల చట్టంలో 101వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 104వ సెక్షన్ చెప్పేది అదే. ‘అప్పు ఇచ్చాను’ అన్నవాడే ప్రాంసరీ నోటు చూపించాలి. కానీ చెరువు విషయంలో ఈ లెక్క పనిచేయదు. ఫ్యాక్టరీ వల్ల నీళ్లు పాడవుతాయని ప్రజలు ఎలా రుజువు చేస్తారు? పాడయ్యాక రుజువు దొరుకుతుంది, కానీ అప్పటికే తాగేసి ఉంటారు. అందుకే 1999 జనవరి 27 నాటి తీర్పులో కోర్టు ఆ భారాన్ని తిప్పేసింది. ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడే తన పని వల్ల హాని లేదని చూపించాలంది.

రెండు, ముందు జాగ్రత్త సూత్రం. సైన్సు పూర్తిగా తేల్చలేదన్నది సాకు కాకూడదు. ప్రమాదం పెద్దదైనప్పుడు అనుమానం ఉన్నా ఆగాలి. మా అమ్మ భాషలో చెప్పాలంటే పాలగిన్నెలో బల్లి పడిందో లేదో తెలియనప్పుడు పిల్లలకు ఆ పాలు పోయకపోవడమే. తమిళనాడు తోళ్ల పరిశ్రమల వెల్లూరు కేసులో 1996లో ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు మన చట్టంలోకి తెచ్చింది. గండిపేట కేసులో దానికి రుజువు భారాన్ని జోడించి వివరించింది.

మూడు, అధికారానికి హద్దు. సర్కారు తానే నియమం పెట్టి, తానే ఒకరికి మినహాయింపు ఇవ్వొచ్చా? సుప్రీంకోర్టు నిపుణుల నివేదికలు తెప్పించుకుంది. మన ఎన్‌జీఆర్‌ఐ వాళ్ల పరిశీలన కూడా అందులో ఉంది. చివరికి 2000 డిసెంబరు 1న ఆ మినహాయింపు చెల్లదని తేల్చింది. లక్షల మంది తాగునీటిని పణంగా పెట్టే అధికారం ఏ చట్టమూ ప్రభుత్వానికి ఇవ్వలేదు. చట్టం ఇవ్వని అధికారాన్ని వాడితే దాన్ని ‘అల్ట్రా వైరిస్’ అంటారు. పరిపాలనా చట్టం మొత్తానికి ఇదే పునాది. మంత్రి అయినా, కలెక్టర్ అయినా ‘నాకు ఈ అధికారం ఏ సెక్షన్ ఇచ్చింది?’ అని మొదట తనను తాను అడగాలి. అడగకపోతే కోర్టు అడుగుతుంది.

‘‘మరి హైకోర్టు వేరేగా చెప్పింది కదా సార్?’’ అంది సిటీ అమ్మాయి. అందుకే 141వ అధికరణ ఉంది. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని అన్ని కోర్టులకూ శిరోధార్యం. అయితే తీర్పులో ప్రతి వాక్యమూ చట్టం కాదు. నిర్ణయానికి ఆధారమైన కారణమే ‘రేషియో’. మాటవరుసకు చెప్పినది ‘ఒబిటర్’. తీర్పు చదివేటప్పుడు వడ్లూ తాలూ వేరుచేయడం రావాలి.

గండి పడితే ఎవరు కట్టాలి?

నీళ్లవైపు చూపించి ఇంకో ప్రశ్న వేశాను. ‘‘గట్టుకు గండి పడి కింద ఒకరి ఇల్లు కొట్టుకుపోయిందనుకోండి. నష్టపరిహారం ఎవరిస్తారు?’’

ఇది టార్ట్. నేరం కాదు, ఒప్పందం కాదు. ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టం. దీనికి తల్లివేరు లాంటి కేసు 1868 నాటిది. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తన భూమిలో నీటి చెరువు కట్టించాడు. అడుగున ఉన్న పాత గనుల దారుల్లోంచి నీళ్లు పోయి పక్కవాడి గనిని ముంచాయి. ‘నా తప్పేం లేదు, కాంట్రాక్టర్లు కట్టారు’ అన్నా కోర్టు వినలేదు. ప్రమాదకరమైన దాన్ని తెచ్చి పెట్టుకున్నవాడు అది తప్పించుకుపోతే బాధ్యుడే అంది. ఇదే ‘రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్’. కఠిన బాధ్యత.

పిల్లలకు ఇది పుస్తకంలో ఉంది. కానీ మన తెలుగు నేల మీది కేసు చాలామంది దాటేస్తారు. చిత్తూరు దిక్కు కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ లైనును దెబ్బతీశాయి. రైల్వే వాళ్లు ‘రైలాండ్స్ ప్రకారం కట్టు’ అన్నారు. 1874లో ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో మిల్లు యజమాని తన లాభం కోసం చెరువు కట్టుకున్నాడు. ఇక్కడ జమీందారు రైతుల కోసం తరతరాల చెరువులను కాపాడుతున్నాడు. అది ఆయన ఇష్టం కాదు, విధి. నిర్లక్ష్యం లేదు కాబట్టి బాధ్యత లేదని చెప్పింది. చట్టం ఎక్కడ నుంచి వచ్చినా మన చెరువు దగ్గరకు వచ్చేసరికి మన చెరువు సంగతి తెలుసుకోవాల్సిందే అన్నమాట.

ఆ తర్వాత భోపాల్ జరిగింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదంది. దైవఘటన అన్నా, మూడోవాడి పని అన్నా కుదరదు. ఇది ‘సంపూర్ణ బాధ్యత’. నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత, నిర్లక్ష్యం లేకున్నా బాధ్యత, ఎలాంటి సాకూ లేని బాధ్యత... మూడు మెట్లు. అంతే.

ఇది కేవలం ఊహ కాదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి. గేటు ఎప్పుడెత్తారు, కింద ఉన్నవాళ్లకు ఎప్పుడు చెప్పారు... టార్ట్ ప్రశ్నలన్నీ అలాంటి రాత్రుల్లోనే పుడతాయి.

ట్యాంకర్ బోర్లా పడితే నేరమా?

‘‘అర్ధరాత్రి ఒకడు సెప్టిక్ ట్యాంకర్ తెచ్చి చెరువులో వదిలాడు. ఇంకొకడి ట్యాంకర్ మలుపులో బోర్లా పడి అదే మురికి చెరువులో కలిసింది. నీళ్లకు జరిగిన నష్టం ఒకటే. ఇద్దరూ నేరస్తులేనా?’’

భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షన్ చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం ఇది. ప్రజల నీటి ఊటనో, జలాశయాన్నో ‘ఇష్టపూర్వకంగా’ పాడుచేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 277లో ఇది మూడు నెలలు, ఐదొందలు. ఆ ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాటలోనే క్రిమినల్ లా సారమంతా ఉంది. చేసిన పని ‘ఆక్టస్ రియస్’. చేయాలన్న బుద్ధి ‘మెన్స్ రియా’. మామూలుగా రెండూ కలిస్తేనే నేరం. మొదటివాడు ఈ సెక్షన్ కింద దోషి. రెండోవాడు కాదు. అయితే బండి నిర్లక్ష్యంగా నడిపి ఉంటే నష్టపరిహారం కట్టాలి, వేరే సెక్షన్లూ రావచ్చు.

రుజువు కొలత కూడా వేరు. జైలుకు పంపాలంటే సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. డబ్బు ఇప్పించడానికైతే ఏ వైపు సంభావ్యత ఎక్కువ ఉందో తూస్తే చాలు. అందుకే ఒకే ఘటనలో క్రిమినల్ కేసు కొట్టేసినా సివిల్ కేసు గెలవొచ్చు. ‘కోర్టు వదిలేసింది, ఇంకేముంది’ అనుకునేవాళ్లకు ఈ తేడా చెప్పేవాళ్లు ఉండరు.

మా నాయిన ప్లాటు

ఇక మొదట్లో దాటేసిన కథకు వస్తాను.

మా నాయిన ఆర్టీసీ డ్రైవర్. 2004లో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుల్లో సగం పెట్టి మొయినాబాద్ దిక్కు 200 గజాల ప్లాటు కొన్నాడు. కొన్నాడంటే... రంగురంగుల బ్రోచరు, రాళ్లు పాతిన వెంచరు, యాభై రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ అగ్రిమెంటు. ‘ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ సార్, 111 ఎత్తేస్తున్నరు, రేటు పదింతలైతది’ అన్నాడు అమ్మినాయన. నాయిన నమ్మాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం సాయంత్రం మమ్మల్ని తీసుకుపోయి రాళ్ల మధ్య నిలబెట్టి ‘ఇది వంటిల్లు, ఇది పూజగది’ అని కాలితో గీతలు గీశాడు.

ఆరు నెలలు ఏడాదైంది. ఏడాది మూడేళ్లు దాటింది. అడిగినప్పుడల్లా ‘వచ్చే దసరాకు’ అనేవాడు. నాలుగో ఏడు ఒక పెద్ద వకీలు దగ్గరికి పోయాం. ఆయన కాగితం చూసి ఐదు నిమిషాల్లో చెప్పిన మాటలు నాకు ఐదేళ్ల లా కోర్సు కంటే ఎక్కువ నేర్పాయి.

‘‘ఈ భూమి అమ్మినాయనది కాదు. ఆయన దగ్గర రైతు రాసిచ్చిన అగ్రిమెంటు మాత్రమే ఉంది.’’ తనకు లేనిది ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు. లాటిన్‌లో ‘నెమో డాట్ క్వోడ్ నాన్ హాబెట్’. ఆస్తి చట్టం మొదటి పాఠం.

‘‘అగ్రిమెంటు భూమినివ్వదు.’’ ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలి. అమ్ముతామన్న ఒప్పందం ఆస్తిలో ఏ హక్కూ పుట్టించదు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. జీపీఏ మీద అమ్మకాలతోనూ యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో ఖరాఖండిగా చెప్పింది.

‘‘అనుమతి లేని లేఅవుట్ అది.’’ కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టం ఒప్పని పని కోసం రాసుకున్న ఒప్పందం చెల్లదు. ప్రతి ఒప్పందమూ కాంట్రాక్ట్ కాదు, చట్టం అమలు చేయగలిగితేనే కాంట్రాక్ట్.

‘‘మోసం అంటారా? జీవో 1996 నుంచి అందరికీ తెలిసినదే.’’ కొనేవాడు జాగ్రత్తగా ఉండాలన్నది ‘కేవియట్ ఎంప్టర్’. అమ్మేవాడు తనకు తెలిసిన లోపాన్ని దాచకూడదని 55వ సెక్షన్ చెప్తుంది, నిజమే. కానీ అది మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనిపించని లోపం అయ్యుండాలి. చట్టం తెలియదనడం ఎవరికీ సాకు కాదు.

‘‘అన్నిటికంటే ముందు... గడువు దాటింది.’’ ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ అని కాగితంలో ఉంది. అక్కణ్నుంచి మూడేళ్లు. మోసమైతే అది బయటపడ్డ రోజు నుంచి లెక్క. కానీ కాస్త జాగ్రత్త పడి ఉంటే ఎప్పుడు తెలిసేదో కోర్టు దాన్నే చూస్తుంది. నిద్రపోయేవాళ్లకు చట్టం సాయం చేయదంటారు. మా నాయిన నిద్రపోలేదు. నమ్మాడు. చట్టానికి ఆ రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

పోలీసు స్టేషన్‌కూ పోయాం. ‘ఇది సివిల్ మ్యాటర్’ అన్నారు. చీటింగ్ కావాలంటే మాటిచ్చిన రోజునే మోసం చేయాలన్న బుద్ధి ఉండాలి, తర్వాత మాట తప్పితే సరిపోదు. అది నిజమే. కానీ తనది కాని భూమిని తనదని అమ్మినవాడికి మొదటి రోజే ఆ బుద్ధి ఉన్నట్టు కాదా అని అడగడం ఆ రోజు నాకు తెలియలేదు. తెలిసుంటే అడిగేవాణ్ని. ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయినందుకే లాసెట్ రాశాను.

నాయిన కిరాయి ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. క్లాసులో పిల్లలకు చూపిస్తాను.

నోటీసు ఎందుకు?

‘‘కట్టుకున్న ఇల్లే కూలగొడితే సార్?’’ 2024 జులైలో హైడ్రా వచ్చాక మా దిక్కు అందరి నోటా ఇదే. ఆ ఆగస్టులో గండిపేట చెరువు పూర్తి నీటిమట్టంలో ఉన్నాయంటూ కొన్ని కట్టడాలను నేలమట్టం చేశారు.

ఇక్కడ ముందు ‘ఎఫ్‌టీఎల్’ అంటే తెలియాలి. గండిపేటకు అది 1790 అడుగులు. నీళ్లు అంతవరకు వస్తే ఎంత నేల మునుగుతుందో ఆ నేలంతా చెరువే. ఎండాకాలం ఎండినా చెరువే. మన పల్లెల్లో శిఖం భూమి అనేది అందుకే. నీళ్లు తగ్గినప్పుడు పంట పెట్టుకుంటారు, మేడ కట్టరు.

రెండోది సహజ న్యాయం. శిక్షించే ముందు అవతలివాడి మాట వినాలి. తన తగువులో తానే తీర్పరి కాకూడదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. అయితే రోడ్లు, నదులు, చెరువుల వంటి చోట్ల అక్రమ కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవనీ అదే తీర్పులో ఉంది. అంటే అక్కడ ఇష్టారాజ్యమనా? కాదు. ప్రభుత్వ భూమి ఆక్రమణలను తొలగించే 1905 నాటి చట్టమే ముందు నోటీసు ఇవ్వమంటుంది. పైగా ఆ గోడ నీటిమట్టానికి ఇవతల ఉందా అవతల ఉందా అన్నదే తగాదా అయినప్పుడు, వినకుండా ఎలా తేలుస్తారు? అమీన్‌పూర్ కూల్చివేత విషయంలో 2024 సెప్టెంబరు 30న మన హైకోర్టు, ఆదివారం నాడు కూల్చడం ఏమిటని అధికారులను నిలదీసింది. చెరువును కాపాడటం ధర్మమే. కాపాడే పద్ధతి కూడా ధర్మంగానే ఉండాలి.

రైతుబిడ్డ అడిగిన ప్రశ్న

అప్పటిదాకా మౌనంగా రాసుకుంటున్న మొయినాబాద్ అమ్మాయి పెన్ను మూసింది.

‘‘సార్, మీ నాయిన ప్లాటు పోయింది. మా నాయినకు రెండెకరాలుంది. మా తాత నుంచి వచ్చింది. నా చదువుకు అమ్ముదామంటే, రోడ్డుకు అటుపక్క పలికే రేటులో సగం కూడా ఇవ్వమంటరు, 111లో ఉందని. సిటీవాళ్లు తాగడానికి మా భూమి ధర తగ్గాల్నా? మరి మాకేమిచ్చిండ్రు?’’

ఎవరూ మాట్లాడలేదు. నేనూ వెంటనే మాట్లాడలేకపోయాను.

పుస్తకం చెప్పే జవాబు ఇది. ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు. 1978లో 44వ సవరణ దాన్ని ఆ జాబితా నుంచి తీసి 300ఏ అధికరణలో పెట్టింది. చట్టం అధికారం లేకుండా ఆస్తి లాక్కోకూడదని అది చెప్తుంది. అయితే భూమిని తీసుకోవడం వేరు, వాడకం మీద హద్దు పెట్టడం వేరు. తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి. హద్దు పెడితే మామూలుగా పరిహారం ఉండదు. ప్రజల మేలు కోసం పెట్టే సహేతుకమైన హద్దులను రాజ్యాంగం ఒప్పుకుంటుంది.

‘‘ఇది చట్టం. న్యాయమా అంటే, నీ ప్రశ్నలో బలం ఉంది బిడ్డా’’ అన్నాను. లాభం అందరికీ పంచి భారం 84 ఊళ్ల మీదే పెట్టడం సమానత్వమేనా అన్నది 14వ అధికరణ కింద అడగాల్సిన ప్రశ్నే. 2022 ఏప్రిల్ 12న రాష్ట్ర ప్రభుత్వం 69వ జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తున్నట్టు మంత్రివర్గం ప్రకటించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయన్నది ఒక వాదన. పైన కాలనీలు వస్తే వాన నీరు మురుగై కిందికి దిగుతుందని, మూసీ వరద ఇంకా పెరుగుతుందని ఇంకో వాదన. ఆ రెండెకరాల రైతు ఒకవైపు, కోటి మంది గొంతు ఇంకోవైపు.

‘‘రేపు నువ్వు వకీలువై మీ ఊరి తరఫున నిలబడితే ఏం అడుగుతావ్?’’ అన్నాను.

ఆ అమ్మాయి ఆలోచించి చెప్పింది. ‘‘జీవో ఎత్తేయమని అడగను సార్. చెరువు పోతే మా బోర్లూ పోతయ్. మా భూమి చెరువును కాపాడుతుంది కదా, ఆ కాపలాకు కూలి ఇయ్యమని అడుగుతా.’’

ఆ రోజు క్లాసులో పాఠం నేర్చుకున్నది నేను. మా నాయిన ప్లాటును ఆపిన జీవోనే నా ఇంటి కుళాయిని కాపాడింది. ఇన్నేళ్లూ ఈ రెండింటినీ నా మనసులో కలపలేక అవస్థ పడ్డాను. ఎవరో ఒకరిదే తప్పనుకున్నాను. ఆ పిల్ల ఇద్దరి హక్కునూ ఒకే తక్కెడలో పెట్టి తూచింది.

విద్యార్థులకు చిన్న చిట్టా

* ఏ సమస్య వచ్చినా ముందు మూడు ప్రశ్నలు: ఎవరి హక్కు? ఎవరి బాధ్యత? ఏ కోర్టు?
* ఒకే ఘటనలో సివిల్, క్రిమినల్, రాజ్యాంగ కోణాలు మూడూ ఉండొచ్చు. ఒకటి మూసుకుపోతే మిగతావి చూడండి.
* సెక్షన్ నంబరు కంటే అందులోని కీలక పదం ముఖ్యం. ‘ఇష్టపూర్వకంగా’, ‘సహేతుకంగా’ లాంటి మాటల కింద గీత గీయండి.
* ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. పాత, కొత్త సెక్షన్లు పక్కపక్కనే రాసుకోండి. పాత ఘటనల కేసులు ఇంకా పాత శిక్షా చట్టం కిందే నడుస్తున్నాయి.
* గడువు తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. మా నాయిన కోసమైనా రాయండి.

ఎండ ఎక్కింది. సీసాలో మిగిలిన నీళ్లు పిల్లలు తలా ఒక గుక్క తాగారు. చివరి గుక్క నాకు మిగిల్చారు. ‘‘ఇప్పుడు చెప్పండి, ఈ నీళ్లు ఎవరివి?’’ అని మళ్లీ అడిగాను.

చేవెళ్ల అబ్బాయి నవ్వాడు. ‘‘మన తర్వాత వచ్చేటోళ్లవి సార్. మనం తాగి, జాగ్రత్తగా అప్పజెప్పాలె.’’